‘ఆకృష్టి’యా, ‘ఆకృష్ట’యా?

కావలి పంతులు: నిన్నటి నుంచి ఒక శ్లోకం సగం సగంగా నోట్లో నానుతోంది. ‘ఆకృష్టశక్తిశ్చ మహీ తయా యత్... ఖస్థం గురు...’ ఆపైన రావట్లేదు. తొమ్మిదో తరగతికి రేపు బోర్డు మీద రాద్దామని. ఇంతకీ ‘గురు’ అంటే ద్రవ్యరాశి గలదనా, భారం గలదనా?

పెన్నొడ్డు: ‘ఆకృష్ట’ కాదండీ, ‘ఆకృష్టి’, అంటే లాగటం. గణితవేత్త రెండో భాస్కరుడి ‘సిద్ధాంత శిరోమణి’లో గోలాధ్యాయం, 1150 నాటిది. ‘ఖస్థం గురు స్వాభిముఖం స్వశక్త్యా / ఆకృష్యతే తత్పతతీవ భాతి / సమే సమంతాత్ క్వ పతత్వియం ఖే’. భూమికి లాగే శక్తి ఉంది, ఆకాశంలోని గురువస్తువును తనవైపు లాక్కుంటుంది, అది పడుతున్నట్టు కనిపిస్తుంది; చుట్టూ సమానంగా ఉన్న ఆకాశంలో భూమి తానెక్కడ పడుతుంది, అని అర్థం. ‘పతతీవ’లో ‘ఇవ’ చూశారా? పడటం లేదట, పడుతున్నట్టుందట!

అద్దంకి వాసి: ఆ మొదటి పాదం ఇంద్రవజ్ర వృత్తం. ‘ష్టి’ అయినా ‘ష్ట’ అయినా లఘువే, గణాలు తేల్చవు. నా ఓటు ‘ఆకృష్ట’కే. రాయి కూడా భూమిని అంతే బలంతో లాగుతుంది కదా, భూమీ లాగబడేదే.

పెన్నొడ్డు: 1687 నాటి న్యూటన్‌ను 1150కి లాక్కొచ్చారు, మీదే అసలు ఆకృష్టిశక్తి. ‘ఆకృష్టశక్తి’ అంటే శక్తి లాగేసుకోబడినది. ఇక అదేం లాగుతుంది?

కందుకూరు కోడలు: ‘ష్టి’ని వదిలి ‘గురు’లో ‘రు’ చూడండి. తనంతట తాను లఘువు. పక్కన ‘స్వా’ ఉండబట్టి గురువైంది. హ్రస్వం హ్రస్వంగానే ఉంది, బరువు మాత్రం పక్కవాడి వల్ల వచ్చింది. మాస్టారి ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది.

అద్దంకి వాసి: ముచ్చటగానే ఉందమ్మా. కానీ గురువు ఎక్కడైనా రెండు మాత్రలే. భారం అట్లా కాదు. 60 కిలోల మనిషి భారం ఇక్కడ 588 న్యూటన్లు, చంద్రుడి మీద 97.

కావలి పంతులు: ‘భారం 60 కిలోలు’ అని రాస్తే మార్కు కోస్తా. కాటా ఎక్కితే నేనూ ‘60 కిలోల బరువు’ అనే అంటా. పిల్లలకు ఏ మొహం పెట్టుకుని చెప్పేది?

కందుకూరు కోడలు: పుట్టితో చెప్పండి. మన వడ్ల పుట్టి 850 కిలోలు. చంద్రుడి మీదికి తోలినా ఒక్క గింజ తగ్గదు, పుట్టి పుట్టే. మోసే హమాలీకి మాత్రం ఆరోవంతు. త్రాసులో తూస్తే తేడా తెలీదు, తూకం రాళ్లూ తేలికవుతాయి గనక. స్ప్రింగు కాటాకి తగిలిస్తేనే బయటపడేది.

పెన్నొడ్డు: తిక్కనగారైతే ఈ గొడవే లేకుండా బరువుకి ‘వ్రేఁగు’ అని ఊరుకునేవాడు.

అద్దంకి వాసి: నెల్లూరోళ్లకు అన్నీ తిక్కన దగ్గరే తేలాలి. మా ప్రోలయ వేముడి కొలువులో ఎర్రన అనే ఆయన ఒకరున్నారు.

పెన్నొడ్డు: ఉండనీండి. ‘వచ్చినవాఁడు ఫల్గునుఁడు’ లాంటి ఎత్తుగడ ఒకటి చూపించండి మరి.

అద్దంకి వాసి: ‘ఫల్గునుఁడు’ ఏంటి, ‘ఫల్గుణుఁడు’ కదా? మా ఇంట్లో అందరం ణకారంతోనే చదువుతాం.

కందుకూరు కోడలు: నకారమే. ఫల్గునీ నక్షత్రంలో పుట్టాడు గనక అర్జునుడు ఫల్గునుడు.

కావలి పంతులు: అయ్యా, ‘గురు’ సంగతి...

అద్దంకి వాసి: ఒక్క నిమిషం మాస్టారూ. నక్షత్రం పేరే ‘ఫల్గుణి’ అని మా పంచాంగంలో ఉంది, ఫొటో పెడతా ఆగండి.