చలి ఉదయాల్లో రిమోట్ కారు నడిపేటప్పుడు వేళ్లు కొంకర్లు పోకుండా ఏం చేయాలి?

ప్రశ్న (సెమిలిగుడ, కోరాపుట్ జిల్లా):
అందరికీ నమస్కారం. ఆదివారం ఉదయాల్లో మా అబ్బాయి, నేను మైదానంలో రిమోట్ కారు నడుపుతాము. పుష్యమాసం వచ్చేసరికి పొగమంచుకు తోడు కొండగాలి కూడా వీయడంతో కాసేపటికే నా వేళ్లు కొంకర్లు పోయి, రిమోట్‌లో వేగాన్ని పెంచే మీటను, అంటే ట్రిగ్గర్‌ను, ఎంత నొక్కుతున్నానో తెలియడం లేదు. ఉన్ని చేతొడుగులు వేసుకుంటే వేలు ట్రిగ్గర్ కన్నంలో ఇరుక్కుంటోంది. అనుభవజ్ఞులు దారి చూపగలరు.

సమాధానం (జయపురం):
నమస్కారమండీ. కోరాపుట్ పీఠభూమి చలి నాకు తెలుసు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. చలి సోకగానే శరీరం గుండె, ఊపిరితిత్తుల వంటి లోపలి అవయవాల వేడిని కాపాడుకోవడం కోసం చేతులకూ పాదాలకూ రక్తాన్ని తీసుకువెళ్లే నాళాలను కుదిస్తుంది. అందువల్ల ఛాతీ, మెడ, చెవులు చల్లబడితే ఎంత మందపాటి చేతొడుగు తొడిగినా లోపల వేళ్లు చల్లగానే ఉంటాయి. ముందుగా స్వెట్టర్ మీద గాలి చొరని కోటు, మెడకు మఫ్లర్, చెవులు కప్పే టోపీ ఉండాలి. మణికట్టు దగ్గర రక్తనాళాలు చర్మానికి చాలా దగ్గరగా ఉంటాయి గనుక, పాత ఉన్ని మేజోడు పాదం భాగం కత్తిరించి, మిగిలిన గొట్టాన్ని మణికట్టుకు తొడుక్కుంటే ఖర్చు లేకుండానే చాలా తేడా కనిపిస్తుంది.

రెండు చేతులకూ ఒకే రకం చేతొడుగు అక్కరలేదని నా అభిప్రాయం. రిమోట్ పట్టుకున్న చేతిలో చూపుడు వేలికి మాత్రమే స్పర్శ కావాలి, కాబట్టి చేతొడుగులో ఆ ఒక్క వేలి భాగాన్ని రెండో కణుపు దాకా కత్తిరించి అంచు కుట్టించండి. రిమోట్ పక్కన ఉండే స్టీరింగ్ చక్రానికి స్పాంజి ఉంటుంది గనుక, దాన్ని తిప్పే చేతికి పలుచని చేతొడుగు ఉన్నా ఇబ్బంది ఉండదు.

అంతకన్నా మేలైనది రిమోట్‌కు తొడిగే సంచి. విమానాల రిమోట్‌ల కోసం అమ్మే సంచులు బల్లపరుపు పెట్టెలకు సరిపోతాయే తప్ప మన పిస్టల్ ఆకారపు రిమోట్‌లకు కుదరవు. అందుచేత దర్జీ చేత కుట్టించుకోవడమే మంచిది. బయట రెయిన్‌కోటు గుడ్డ, లోపల ఉన్ని అస్తరు, మీటలు కనిపించేలా పైన పారదర్శక ప్లాస్టిక్, పిడి పట్టుకునే చేతికి కింద ఒకటి, చక్రం తిప్పే చేతికి పక్కన ఒకటి ఎలాస్టిక్ ఉన్న కన్నాలు చాలు. గాలి తగలదు కాబట్టి లోపల వట్టి చేతులతోనే నడపవచ్చు.

సమాధానం (రాయగడ):
చేతులు వెచ్చబరుచుకునే వేడి పొట్లాలు (హ్యాండ్ వార్మర్లు) కూడా పనికివస్తాయి. వాటిలోని ఇనుప పొడి గాలి తగిలి తుప్పు పడుతూ వేడినిస్తుంది కాబట్టి, వాడే ముందు దాకా కవరు చింపకూడదు. మొద్దుబారిన చర్మానికి కాలుతున్నట్టు తెలియదు గనుక, నేరుగా తగలనివ్వక గుడ్డలో చుట్టి ఉంచండి. మధుమేహం ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. కొద్దిపాటి చలికే వేళ్లు పాలిపోయి తెల్లబడుతుంటే మాత్రం వైద్యుడికి చూపించడం అవసరం.

ప్రశ్నించినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలండీ. మైదానం పక్కన కుంపటి పెట్టుకుని చేతులు కాచుకోవచ్చా?

సమాధానం (జయపురం):
ఆరుబయట అయితే కాచుకోవచ్చు గాని, మొద్దుబారిన చేతులను నిప్పు మీదికి తీసుకువెళ్లకుండా ముందు చంకల్లో పెట్టుకుని స్పర్శ రానివ్వండి. కారులో వాడే లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీలను మాత్రం కుంపటి దరిదాపుల్లోకి రానివ్వకండి. చలిలో వాటి అంతర్గత నిరోధం పెరిగి వోల్టేజీ పడిపోతుంది కనుక, గట్టి డబ్బాలో పెట్టి శాలువ చుట్టి తీసుకువెళ్లి, కారు నడిపేటప్పుడే బయటికి తీయండి. ఇంటికి వచ్చాక గది వేడికి వచ్చిన తరువాతనే చార్జింగ్ పెట్టండి.

మరొక మాట. వేళ్లు మొద్దుబారినప్పుడు ట్రిగ్గర్ పూర్తిగా నొక్కుకుపోయే ప్రమాదం ఉంది, పైగా పక్కన పిల్లవాడు ఉంటాడు. మీ రిమోట్‌లో గరిష్ఠ వేగాన్ని తగ్గించే సర్దుబాటు ఉంటే చేతులు వెచ్చబడేదాకా సగానికి తగ్గించి ఉంచండి. సిగ్నల్ తెగితే కారు తనంతట ఆగేలా ఫెయిల్‌సేఫ్ అమర్చి, చక్రాలు నేలకు తగలకుండా కారును ఎత్తి పెట్టి, రిమోట్ ఆపి ఒకసారి పరీక్షించుకోండి.