అమ్మ డల్లాస్ టికెట్ కోసం కూడబెట్టిన విమానం పాయింట్లు రాత్రికి రాత్రి చాలకుండా పోయాయి, ఏం చేయాలి?

సాయినగర్_అనంత:

అందరికీ నమస్కారం. మాది అనంతపురం, డ్రిప్ సామాన్ల షాపు. చీనీ తోటల రైతులకు పైపులు, ఫిల్టర్లు అమ్ముతాం. కంపెనీలకు కట్టే డబ్బు, కరెంటు బిల్లు, పిల్లల ఫీజులు అన్నీ క్రెడిట్ కార్డు మీదే కడతాను, అట్లా వచ్చిన పాయింట్లను ఒక గల్ఫ్ విమాన కంపెనీ ఖాతాలోకి మార్చుకుంటూ వచ్చాను. ఎందుకంటే చెల్లెలు డల్లాస్‌లో ఉంది, కాన్పుకు అమ్మ పోవాల. అమ్మకు రెండు మోకాళ్లూ అరిగిపోయినాయి, అంత దూరం కాళ్లు ముడుచుకుని కూర్చోవడం ఆమె వల్ల కాదు. పోయేటప్పుడన్నా పడుకునే సీటు ఇప్పించాలని నా ఆశ.

పోయిన ఏడాది చూసినప్పుడు బెంగళూరు నుంచి డల్లాస్‌కు బిజినెస్ క్లాసు ఒక వైపు 95,000 పాయింట్లు, పైన పన్నులు, చార్జీలు 30,000 రూపాయలు చూపించేది. నా దగ్గర ఇప్పుడు లక్షా పది వేల పాయింట్లు ఉన్నాయి. మొన్న సైటు తెరిస్తే అదే సీటుకు 1,40,000 పాయింట్లు, పైన 45,000 రూపాయలు అడుగుతోంది. మెయిల్ లేదు, మెసేజ్ లేదు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే, నిబంధనల్లో ఉంది సార్, ఎప్పుడైనా మార్చుకునే హక్కు కంపెనీకి ఉంది అని చదివి వినిపించారు. ఇన్నాళ్లు మనం కూడబెట్టింది ఒక్క రాత్రిలో మూడో వంతు ఎట్లా తగ్గించేస్తారు, అడిగేవాడే లేడా? చానా బాధగా ఉంది.

బ్యాంకు దగ్గర ఇంకా యాభై వేల కార్డు పాయింట్లు ఉన్నాయి, మారిస్తే సగమే పడతాయి. తక్కువైన పాయింట్లను డబ్బుకు మేమే అమ్ముతామని అదే సైటులో పెట్టారు. కొనాల్నా? బ్యాంకువి మార్చాల్నా? లేకపోతే మళ్లీ తగ్గిస్తారేమో అని ఆగాల్నా? తెలిసినవాళ్లు చెప్పండి, టెన్షన్‌గా ఉంది, కాన్పుకు ఇంకా నాలుగైదు నెలలే టైముంది.

---

రాయచోటి_టు_కువైట్:

అన్నా, ముందు ఒక మాట. ఆగితే తగ్గవు. నేను కువైట్‌కు వచ్చి చానా ఏండ్లయింది, ఇన్నేండ్లలో ఏ కంపెనీ అయినా ఒకసారి పెంచిన రేటును వెనక్కి తగ్గించడం నేను చూడలేదు. అప్పుడప్పుడు కొన్ని రూట్ల మీద ఆఫర్ అని పెడతారు, అది మన తేదీకి, మన ఊరికి తగులుతుందని నమ్మకం పెట్టుకోలేం.

కొనడం ఇప్పుడే వద్దు. బ్యాంకువి మార్చడం కూడా ఇప్పుడే వద్దు. బ్యాంకులో ఉన్నంతవరకు ఆ పాయింట్లను నాలుగైదు కంపెనీల్లో దేనికైనా పంపుకోవచ్చు. ఒక్కసారి విమాన కంపెనీ ఖాతాలో పడినాక వెనక్కి రావు. సీటు కళ్లకు కనిపించి, తేదీ ఖాయమై, ఎన్ని తక్కువో తెలిసినాక ఆ రోజే మార్చాల. కొన్ని బ్యాంకుల నుంచి నిమిషాల్లో పడతాయి, కొన్నింటికి రెండు మూడు రోజులు పడుతుంది, ఆ లోపల సీటు పోయే ప్రమాదం ఉంది కాబట్టి మీ కార్డుకు ఎంత టైము పడుతుందో ముందే కనుక్కోండి.

ఇంకోటి, ఇంట్లోవాళ్ల ఖాతాలు కలపొచ్చేమో చూడండి. ఎమిరేట్స్, ఖతార్, ఎయిరిండియా లాంటి వాటిలో కుటుంబం పాయింట్లు ఒకే చోట పోగేసుకునే ఏర్పాటు ఉంది. మా రాయచోటి వైపు ఒకే ఇంట్లో అన్నదమ్ములు ముగ్గురూ గల్ఫ్‌లోనే ఉంటారు, కడపలో ఎయిర్‌పోర్టు ఉన్నా చెన్నైకో బెంగళూరుకో పోయే ఎక్కాల కాబట్టి అందరికీ తలా ఐదు వేలో పది వేలో పాయింట్లు పడుంటాయి, ఎవరివీ ఒక టికెట్‌కు చాలవు. కలిపితే పనికొస్తాయి. మీ చెల్లెలు, మరిది అమెరికా నుంచి వచ్చిపోయేది అదే కంపెనీలో అయితే వాళ్ల ఖాతాలో తప్పకుండా ఉంటాయి, అడగండి. గడువు తేదీ కూడా చూసుకోమనండి, ఎమిరేట్స్‌లో, సింగపూర్ ఎయిర్‌లైన్స్‌లో మూడేండ్లు దాటితే పోతాయి.

---

కర్నూలు_ఆడిట్:

ఎట్లా తగ్గించేస్తారు అని అడిగారు కదా, దానికి లెక్కల వైపు నుంచి చెప్తాను, ఎందుకంటే ఇది అర్థమైతే ముందు ముందు ఎక్కడ ఆగాలో మీకే తెలుస్తుంది.

పాయింటు అంటే కంపెనీ పుస్తకాల్లో బాకీ. మీరు ఒక రైతుకు వచ్చే సీజన్‌లో ఫిల్టర్ ఫ్రీ అని కూపన్ రాసిచ్చారనుకోండి, ఆ ఫిల్టర్ ఇచ్చేదాకా అది మీ మీద భారమే. విమాన కంపెనీకీ అంతే, పాయింట్లు అమ్మగా వచ్చిన డబ్బును మీరు సీటు తీసుకునేదాకా పూర్తి ఆదాయంగా చూపించకూడదు. అయితే ఒక్క సీటుకు ఎన్ని కూపన్లు అనేది కూడా వాళ్లే నిర్ణయిస్తారు. 95,000 ఉన్నది 1,40,000 చేస్తే, ఒక్క పైసా ఎవరికీ కట్టకుండానే బాకీ బరువు తగ్గిపోతుంది.

పైగా ఈ పాయింట్లు ఇప్పుడు ఎక్కువగా విమానం ఎక్కినందుకు పుట్టడం లేదు. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఈ పద్ధతి మొదలుపెట్టినప్పుడు ఎగిరిన మైళ్లకే లెక్క. ఇప్పుడు బ్యాంకులు విమాన కంపెనీల దగ్గర పాయింట్లు టోకున కొని మనకు కార్డు మీద పంచుతున్నాయి. ఇది ఎంత పెద్ద వ్యాపారమంటే, 2020లో కోవిడ్‌తో విమానాలు నేల మీద నిలబడిపోయినప్పుడు అమెరికా విమాన కంపెనీలు యునైటెడ్, డెల్టా కూడా ఇదే చేశాయి, యునైటెడ్ తన మైళ్ల (అంటే పాయింట్ల) పథకాన్ని తాకట్టు పెట్టి 680 కోట్ల డాలర్లు, డెల్టా 900 కోట్ల డాలర్లు అప్పు తెచ్చుకున్నాయి. పాయింట్లు ఇట్లా లెక్కలేకుండా పుట్టుకొస్తుంటే, విమానంలో బిజినెస్ సీట్లు మాత్రం అవే నలభై, యాభై. పాయింటు విలువ పడిపోక ఏమవుతుంది?

ఇంతకుముందు ఫలానా దూరానికి ఇన్ని పాయింట్లు అని పట్టిక ఉండేది. డెల్టా 2015లో ఆ పట్టిక తీసేసింది, యునైటెడ్ 2019లో. పట్టిక ఉంటే పెంచినప్పుడు పదిమందికీ కనిపిస్తుంది, గొడవ అవుతుంది. పట్టిక లేకపోతే రోజుకొక రేటు, ఎప్పుడు పెంచారో ఎవరూ వేలు పెట్టి చూపించలేరు. నాకు దీని మీదే ఎక్కువ కోపం.

ఇక మీ లెక్క. ఆ బిజినెస్ సీటు డబ్బు పెట్టి కొంటే 2,40,000 అనుకుందాం. పాత రేటులో, టికెట్ ధరలోంచి పన్నుల 30,000 తీసేస్తే 2,10,000, దాన్ని 95,000 పాయింట్లతో భాగిస్తే పాయింటుకు రెండు రూపాయల ఇరవై పైసలు. కొత్త రేటులో 2,40,000లోంచి 45,000 తీసేస్తే 1,95,000, భాగించాల్సింది 1,40,000తో, అంటే రూపాయి నలభై పైసలు కూడా రాదు. మీరు అసలు ధర చూసి ఈ లెక్క మళ్లీ వేయండి. కంపెనీ అమ్మే పాయింటు ధర ఇంతకంటే ఎక్కువుంటే కొనడం శుద్ధ దండగ. ఒక్కోసారి అదే పాయింట్లతో మామూలు క్లాసు సీటు తీసుకుంటే రూపాయి కూడా గిట్టదు, అది కూడా గమనించండి.

---

పెనుకొండ_ఫ్యాక్టరీ:

అడిగేవాడే లేడా అన్నారు కదా అన్నా, అడిగితే పని అయిన చోటు ఒకటుంది. నేను పనిచేసేచోట కొరియా వాళ్లు చాలామంది, ఈ కథ వాళ్ల దగ్గరే మొదట విన్నాను. కొరియన్ ఎయిర్ తన మైళ్ల లెక్కను ప్రాంతాల వారీ నుంచి దూరం వారీగా మార్చాలనుకుంది, 2023 ఏప్రిల్ నుంచి అమలు అన్నారు. అమెరికా, యూరప్ పోయేవాళ్లకు బాగా ఎక్కువ మైళ్లు అవుతాయి. జనం గట్టిగా అరిచారు, రవాణా మంత్రే బయటికొచ్చి కంపెనీని తప్పుపట్టాడు, ఫిబ్రవరిలో కంపెనీ ఆ ప్రణాళికను ఆపేసింది. అక్కడ ముందుగా ప్రకటించారు కాబట్టి అరవడానికి టైము దొరికింది. మనకు రాత్రికి రాత్రి మార్చేస్తే ఆ అవకాశం కూడా ఉండదు. కనీసం మూడు నెలల ముందు చెప్పాలని మన దగ్గర ఒక రూలు రావాలి, నేను మనస్ఫూర్తిగా కోరుకునేది అదే.

---

కోర్టు_రోడ్డు:

కేసు సంగతి. అమెరికాలో నార్త్‌వెస్ట్ అనే విమాన కంపెనీ మీద ఒకాయన కోర్టుకెక్కాడు, ఫిర్యాదులు ఎక్కువ చేస్తున్నావని ఆయన్ను మైళ్ల పథకం నుంచే తీసేశారు. 2014లో అక్కడి సుప్రీంకోర్టు ఆయనకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది, 1978 నాటి విమాన చట్టం అడ్డొస్తుందని చెప్పింది.

మన చట్టం వేరు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో అన్యాయమైన ఒప్పందం అని ప్రత్యేకంగా ఉంది, ఒక వైపు వాళ్లకు మాత్రమే లాభంగా ఉన్న షరతులను ప్రశ్నించొచ్చు. కానీ ఆ రకం ఫిర్యాదు అనంతపురం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయడానికి కుదరదు, రాష్ట్ర కమిషన్‌కు పోవాలి. అమ్మ ప్రయాణానికి ముందు తేలే పని కాదు కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోకండి. ఎగిరినా పాయింట్లు పడలేదు, పాయింట్లతో బుక్ చేసిన టికెట్‌ను వాళ్లే రద్దు చేసి తిరిగివ్వలేదు, ఇట్లాంటి వాటికి మాత్రం జిల్లా కమిషన్ సరిపోతుంది, ఐదు లక్షల లోపు ఫీజు కూడా లేదు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. పాత రేటు చూపించిన స్క్రీన్‌షాట్ ఏదన్నా ఉంటే దాచిపెట్టండి.

---

సాయినగర్_అనంత:

అందరికీ చానా థ్యాంక్స్. ఆడిట్ సార్ చెప్పినట్టు లెక్క వేశాను, వాళ్లు అమ్మే పాయింటు రెండు రూపాయల పైనే పడుతోంది, కాబట్టి కొనేది లేదు. చెల్లెలి దగ్గర అదే కంపెనీ ఖాతాలో కొన్ని ఉన్నాయంట, కానీ ముప్పై వేలు లేవు. ఇంకో దారి ఏమన్నా ఉందా? అమ్మకు వీసా ఉంది, తేదీ వారం అటూ ఇటూ అయినా ఇబ్బంది లేదు.

---

రాయచోటి_టు_కువైట్:

తేదీ కదిలించగలిగితే దారి ఉందన్నా. మొత్తం ప్రయాణానికి బిజినెస్ చూడకండి, రెండు ముక్కలుగా చూడండి. బెంగళూరు నుంచి గల్ఫ్‌కు నాలుగు గంటలే, అది మామూలు సీటులో అమ్మ ఓర్చుకోగలదు, నడవా పక్క సీటు తీసుకోండి. కష్టమంతా గల్ఫ్ నుంచి డల్లాస్‌కు, అది పదహారు గంటలు. డబ్బు పెట్టి మామూలు టికెట్ కొని, ఆ రెండో ముక్కను మాత్రం పాయింట్లతో బిజినెస్‌కు పెంచుకునే వీలు చాలా కంపెనీల్లో ఉంది. దానికి లక్షా నలభై వేలు అవసరం పడదు, మీ దగ్గరున్నవి సరిపోవచ్చు. ఒక్క జాగ్రత్త, అన్నిటికంటే చౌక టికెట్లకు ఈ పెంపు ఇవ్వరు, కొనే ముందే ఫోన్ చేసి ఈ టికెట్ రకానికి పాయింట్లతో అప్‌గ్రేడ్ ఉందా, ఆ తేదీకి సీటు ఉందా అని రెండూ అడగండి. టికెట్ కొన్నాక అడిగితే లాభం లేదు.

బ్యాంకు పాయింట్లు కదపకుండా ఉంచారు కాబట్టి ఇంకో చోట కూడా చూడొచ్చు. మీ బ్యాంకు జాబితాలో స్టార్ అలయన్స్ (లుఫ్తాన్సా, ఎయిరిండియా లాంటి కంపెనీల కూటమి) కంపెనీ ఏదన్నా ఉంటే దాని పాయింట్లతో లుఫ్తాన్సా సీట్లు వెతకొచ్చు, బెంగళూరు నుంచి ఫ్రాంక్‌ఫర్ట్, అక్కడి నుంచి డల్లాస్ ఉంది. ఏవియోస్ అనే పాయింట్లు ఉంటే ఖతార్, బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఖాతాల మధ్య ఒకటికి ఒకటి మార్చుకోవచ్చు, కాకపోతే బ్రిటిష్‌లో పైన కట్టే చార్జీలు బాగా ఎక్కువ, చివరి పేజీ దాకా పోయి మొత్తం చూసినాకే నిర్ణయించుకోండి.

---

కర్నూలు_ఆడిట్:

ఈ దారి బాగుంది. నా వైపు నుంచి ఒక్కటే, అప్‌గ్రేడ్‌కు కూడా అదే లెక్క వేయండి. ఆ ఒక్క ముక్కకు మామూలు టికెట్‌కూ బిజినెస్‌కూ డబ్బులో తేడా ఎంతో చూసి, అడిగే పాయింట్లతో భాగించండి. రూపాయిన్నర దాటితే కళ్లు మూసుకుని తీసుకోండి. ఈ పని అయినాక షాపు ఖర్చుల మీద వచ్చే కొత్త పాయింట్లను ఏ విమాన కంపెనీకీ ముందుగా పంపొద్దు, వచ్చే ప్రయాణం ఖాయమయ్యేదాకా బ్యాంకులోనే ఉంచండి. బ్యాంకులు కూడా మార్పిడి రేటు తగ్గిస్తాయి, కాబట్టి అక్కడ కూడా ఏండ్ల తరబడి పోగేయకండి.

---

సాయినగర్_అనంత:

ఫోన్ చేశాను. గల్ఫ్ నుంచి డల్లాస్ ముక్కకు అప్‌గ్రేడ్ ఉందన్నారు, మధ్య రకం టికెట్ కొనాలంట, నా దగ్గరున్న పాయింట్లలోనే అయిపోతుంది. బుధవారం తేదీకి సీటు చూపిస్తోంది. లెక్క వేస్తే పాయింటుకు దగ్గర దగ్గర రెండు రూపాయలు వస్తోంది. చెల్లెలితో మాట్లాడి ఈ రాత్రికే బుక్ చేస్తాను. వీల్‌చెయిర్ ఎక్కడ అడగాల, టికెట్‌లోనా, ఎయిర్‌పోర్టులోనా?

---

రాయచోటి_టు_కువైట్:

టికెట్ బుక్ చేసేటప్పుడే పెట్టండన్నా, డబ్బు కట్టనక్కర్లేదు. బెంగళూరులోనే కాదు, గల్ఫ్‌లో విమానం మారేచోట, డల్లాస్‌లో దిగేచోట మూడింటికీ పెట్టారో లేదో టికెట్ మీద చూసుకోండి. మారేచోట రెండు గంటలకు తగ్గకుండా టైము ఉండే విమానం తీసుకోండి, ఎందుకంటే వీల్‌చెయిర్ వాళ్లను అందరూ దిగినాక చివర్లో దింపుతారు.