పరుగెత్తితే మోకాలి కింద ఎముక నొప్పి, అడుగు వేసే తీరు మార్చుకోవాలా?

నమస్తే అండీ. తార్నాకలో ఉంటాను, వయసు 36. ఏడాదిగా ఓయూ క్యాంపస్‌లో వారానికి మూడు రోజులు 5 కిలోమీటర్లు పరుగెత్తేవాణ్ణి. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్ (21 కిలోమీటర్ల పరుగు) చేయాలని ఉగాది తర్వాత ఒక్కసారిగా ఐదు రోజులకు పెంచాను. ఇప్పుడు రెండు కాళ్లకీ మోకాలి కింద లోపలివైపు ఎముక వెంబడి నొప్పి. మొదటి కిలోమీటరు సలుపుతుంది, ఒళ్లు వేడెక్కాక తగ్గుతుంది, ఆఫీసులో కూర్చుని లేస్తే మళ్లీ మొదలు. మడమ మీద పడుతున్నావు, మునివేళ్ల మీద పరుగెత్తు అని ఫ్రెండ్ చెప్తే రెండు వారాలు అలాగే చేశాను, ఇప్పుడు పిక్కలు పట్టేసి మెట్లు కూడా దిగలేకపోతున్నాను. ఏం చేయాలి?

జవాబు 1
మునివేళ్ల పరుగు ఈరోజే ఆపేయండి, దాంతో భారమంతా పిక్కలకీ మడమ వెనక ఉండే స్నాయువుకీ (టెండన్) ఎక్కుతుంది. దూరం పరుగెత్తేవాళ్లలో ఎక్కువమంది మడమ మీదే దిగుతారు, అది తప్పేం కాదు. పాదం ఎక్కడ దిగుతోందన్నదే అసలు విషయం. కాలు బాగా ముందుకు చాచి వేస్తే ప్రతి అడుగుకీ బ్రేక్ వేసినట్టే, ఊపు పోతుంది, ఆ దెబ్బ ఎముక మీదా మోకాలి మీదా పడుతుంది. ఎవరితోనైనా పక్క నుంచి స్లో మోషన్ వీడియో తీయించుకుని పాదం నేలకు తగిలిన చోట ఆపి చూడండి, పాదం మోకాలి కంటే ముందుకు ఉందంటే అడుగు పొడవు ఎక్కువైనట్టు. తర్వాత 30 సెకన్లు కుడికాలు ఎన్నిసార్లు తగిలిందో లెక్కపెట్టి నాలుగుతో గుణించండి, నిమిషానికి రెండు కాళ్లతో కలిపి ఎన్ని అడుగులో వస్తుంది. ఆ అంకెను అదే వేగంలో 5 శాతం పెంచండి, అడుగు దానంతటదే చిన్నదవుతుంది. 180 ఉండాలని అందరూ అంటారు గానీ అది 1984 ఒలింపిక్స్‌లో జాక్ డేనియల్స్ అనే కోచ్ మేటి రన్నర్ల అడుగులు లెక్కపెట్టినప్పటి మాట, మనం నెమ్మదిగా పరుగెత్తేటప్పుడు దాని వెంట పడక్కర్లేదు.

జవాబు 2
తమ్ముడూ, నాకూ ఇదే వచ్చింది. టెక్నిక్ కన్నా తొందరే నన్ను ఎక్కువ దెబ్బతీసింది, రెండు రోజులు ఒకేసారి కలిపేస్తే ఎముకకు కోలుకునే టైమ్ ఎక్కడిది? మళ్లీ మూడు రోజులకు రా, మాట్లాడుతూ పరుగెత్తగలిగే వేగం చాలు. నేను పొయ్యి మీద పాలు కాగేలోపు వంటింటి గట్టు పట్టుకుని ఒంటికాలి మీద మడమ ఎత్తి దించుతాను, కాలికి 15 సార్లు, మోకాలు నిటారుగా ఒకసారి, కొంచెం వంచి ఒకసారి. నీ పిక్కల నొప్పి తగ్గాకే మొదలుపెట్టు. ఇంకో మాట, హాఫ్‌లో ఫ్లైఓవర్లు వస్తాయి, దిగేటప్పుడు కాళ్లు వాటంతటవే బారలు చాస్తాయి, అక్కడే అడుగులు చిన్నవి చేయాలి.

జవాబు 3
ముందు వేలితో ఎముక వెంబడి నొక్కి చూడండి. ఒక్క చోటే చురుక్కుమన్నా, రాత్రి పడుకున్నా నొప్పి ఉన్నా, ఎముకలో సన్నని పగులు ఉండొచ్చు. అప్పుడు పరుగు పూర్తిగా ఆపి ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించుకోండి, వ్యాయామాలతో సరిపెట్టొద్దు.

ప్రశ్న అడిగిన వ్యక్తి
అందరికీ చాలా థ్యాంక్స్. నొక్కి చూశాను, ఒక్క చోట కాదు, జానెడు పొడవునా ఉంది, రాత్రిళ్లు లేదు. పొద్దున ఆర్ట్స్ కాలేజీ ముందు మా ఆవిడతో వీడియో తీయించాను, ఒక్క నిమిషమే పరుగెత్తాను. పాదం మోకాలికి ఒక బెత్తెడు ముందు పడుతోంది. కుడికాలు 39 సార్లు, అంటే 156. ఈ వారం నడకే, వచ్చే వారం 164తో రెండేసి కిలోమీటర్లు మొదలుపెట్టి ఎలా ఉందో ఇక్కడే చెప్తాను.