చీటీ డబ్బు 30 వేలు: కొత్త ఆంప్లిఫయరా, కొత్త ఆల్బమ్‌లా?

గంటస్తంభం: చీటీ పాడుకుంటే కోతలన్నీ పోను 30 వేలు చేతికొచ్చింది. ఇంట్లో పన్నెండేళ్ల నాటి ఆంప్లిఫయరు, ఒక జత చిన్న స్పీకర్లు, సీడీ ప్లేయరు ఉన్నాయి. అన్నీ పనిచేస్తున్నాయి, కుడి స్పీకరు మాత్రం అప్పుడప్పుడు గరగరమంటోంది. ఉన్న సీడీలు నూటపది దాకా ఉంటాయి, అన్నీ నోటికొచ్చేశాయి. ఆంప్లిఫయరు మార్చాలా, ఆ డబ్బుతో ఏడాది పొడవునా కొత్త సంగీతం కొనుక్కోవాలా? మా ఆవిడ వాషింగ్ మెషిన్ అంటోంది, ఆ సలహా ఇక్కడ అడగట్లేదు.

జీడిపిక్క: వాషింగ్ మెషినే కొనండి, ప్రశాంతంగా పాటలు వినొచ్చు.

బొంకులదిబ్బ: ఇందులో అడగడానికేముంది, సంగీతం కొనండి. మన విజయనగరంలో ఉండి ఈ ప్రశ్నేటండీ? 1919లో సంగీత కళాశాల పెట్టిన ఊరు, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు, ద్వారం వెంకటస్వామినాయుడు గారు వయొలిన్ నేర్పింది అక్కడే. ఆ రోజుల్లో 78 ఆర్పీఎం రికార్డుకి ఒక వైపు మూడు, మూడున్నర నిమిషాలే పట్టేది. రాగాన్ని అంతలోకి కుదించి వాయించారు ఆయన. టీ కొట్టు రేడియోలో విన్నా ఒళ్లు జలదరిస్తుంది. దానికి మీ ఆంప్లిఫయరు ఏం కలుపుతుంది చెప్పండి.

నాగావళి గట్టు: కలపదు మాస్టారూ, ఉన్నదాన్ని చెడగొట్టకుండా ఇస్తుంది. పాత రికార్డులో సూది సర్రుమనే చప్పుడులోంచి కమాను తిరిగే చోటు వినపడాలంటే స్పీకరు బాగుండాలి. డొక్కు స్పీకరులో ఎవరు వాయించినా ఒక్కలాగే ఉంటుంది. పైగా కొత్త ఆల్బమ్‌లంటున్నారు, ఏం అమ్ముతున్నారో చూశారా? హైదరాబాద్‌లో ఒక షాపులో అయిదు సీడీల సెట్టు కొన్నాను, 1,400 పెట్టి. అనుమానమొచ్చి కంప్యూటరులో వేసి ధ్వని గ్రాఫు చూస్తే సన్నటి పైస్థాయి ధ్వనులు 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తిపీటతో కోసినట్టు ఆగిపోయాయి. సీడీలో ధ్వనిని సెకనుకి 44,100 సార్లు కొలుస్తారు, అందులో దాదాపు సగం దాకా, అంటే 20 కిలోహెర్ట్జ్ దాటి ఉండాలి. 128 కేబీపీఎస్ ఎంపీత్రీ, అంటే పైస్థాయి కోసేసి కుదించిన ఫైలు, తెచ్చి సీడీలో పోసి అమ్మేశారు. ఫోన్ చేస్తే "పాట వస్తోంది కదండీ" అన్నాడు. అప్పట్నుంచి కొనడం మానేశాను.

సిరిమాను: గంటస్తంభం గారూ, స్పీకర్లు గోడకి ఆనించి ఉన్నాయా? ఒక అడుగు ముందుకి లాగండి. టైల్స్ నేల, స్లాబు, ఉత్త గోడలు ఉన్న గదిలో ఏది పెట్టినా గుంయ్‌మంటుంది. ఎదురుగోడకి దూది పరుపు నిలబెట్టి విని చూడండి. పైసా ఖర్చు లేదు.

బొంకులదిబ్బ: ఒక షాపువాడు మోసం చేశాడని పాడేవాళ్లందరి దగ్గరా కొనడం మానేస్తారా? మీ ఇంట్లో పాలవాడు నీళ్లు కలిపితే టీ మానేశారా?

నాగావళి గట్టు: పాలవాణ్ని మార్చాను. మీరు 16 కిలోహెర్ట్జ్ సంగతి మాత్రం చెప్పట్లేదు.

సిరిమాను: అయ్యా, యాభై దాటినవాళ్లలో 16 కిలోహెర్ట్జ్ వినపడేది ఎంతమందికి? వయసుతో పాటు ముందు పోయేది ఆ పైస్థాయే.

నాగావళి గట్టు: నా వయసు మీకెందుకు. వినపడకపోతే సగం సరుకు ఇచ్చి పూర్తి డబ్బు తీసుకోవచ్చా? కొలత కొలతే.

గంటస్తంభం: పరుపు పెట్టాను, నిజంగానే తేడా ఉంది. కుడి స్పీకరు మెకానిక్ దగ్గర విప్పిస్తే, కోను చుట్టూ ఉండే ఫోమ్ వేలు తగలగానే బూడిదలా రాలిపోయింది. కొత్త అంచు అతికించాడు, 900 అయింది. గరగర పోయింది. ఇంకా 29,100 ఉంది. ఇప్పుడు చెప్పండి.

జీడిపిక్క: వాషింగ్ మెషిన్.

బొంకులదిబ్బ: కొలత గురించి మాట్లాడుతున్నారు కాబట్టి నేనూ ఒకటి చెప్తాను. మూడేళ్ల క్రితం మా ఇంట్లో ఒక సీడీ వేశాం, పాడింది మా అమ్మాయి. స్టూడియో, వయొలిన్, మృదంగం, ప్రింటింగు కలిపి 85 వేలు. 500 వేయిస్తే 340 ఇప్పటికీ మంచం కింద అట్టపెట్టెల్లో ఉన్నాయి, ఊడ్చినప్పుడల్లా బయటికి లాగి మళ్లీ తోస్తాం. ఇక్కడే లింకు పెట్టాను. ఒకాయన "తంబురా మొత్తం ఎడమవైపుకి ఒరిగిపోయింది, మిక్సింగ్ తెలియదు" అని మూడు పేరాలు రాశారు. పాట ఎలా ఉందో ఒక్క ముక్క లేదు. కొననూ లేదు. అదే నెలలో ఎవరో 40 వేల డ్యాక్ (డిజిటల్ పాటని ఆంప్లిఫయరుకి పనికొచ్చేలా మార్చే పెట్టె) ఫొటో పెడితే మీరందరూ "సూపర్ అన్నయ్యా" అన్నారు. మా పిల్ల మళ్లీ రికార్డింగుకి రానంది. ఆ 40 వేలలో మా సీడీ వెల 250 మావి కావా అని ఆ రోజు నుంచీ అడగాలనుంది.

సిరిమాను: ఇదా సంగతి.

జీడిపిక్క: "సూపర్ అన్నయ్యా" నేనే. ఊరికే అన్నాను మాస్టారూ.

నాగావళి గట్టు: రాసింది నేనే, దాచడానికేం లేదు. మీరు లింకు పెట్టింది వినమనే కదా, విన్నాను, అనిపించింది రాశాను. మీ అమ్మాయి అని తెలియదు. తెలిసినా తంబురా గురించి రాసేవాణ్నే, కానీ పాట గురించి కూడా రాసేవాణ్ని.

బొంకులదిబ్బ: తంబురా మధ్యలోనే ఉంది. ఇద్దరు ఇంజనీర్లకి వినిపించి మరీ చూసుకున్నాను.

నాగావళి గట్టు: ఇప్పుడు మళ్లీ పెట్టుకుని విన్నాను. హెడ్‌ఫోను తిరగేసి కూడా విన్నాను. తిరగేసినా ఎడమవైపే వస్తోంది. అంటే లోపం రికార్డింగుది కాదు. 22 ఏళ్లు జూట్ మిల్లులో మగ్గాల మధ్య పనిచేశాను, ఆ హోరులో పక్కవాడితో మాట్లాడాలంటే సైగలే. కుడి చెవి తగ్గిందని డాక్టరు నాలుగేళ్ల క్రితమే చెప్పాడు, వినికిడి పరీక్ష గ్రాఫులో 4 కిలోహెర్ట్జ్ దగ్గర గీత గోతిలో పడినట్టు దిగిపోయింది. స, శ కలిసిపోతాయి నాకు. సాహిత్యం అందాలంటే శుభ్రంగా పలికే స్పీకరు కావాలి. మీకు షోకులా కనిపించేది నాకు కళ్లజోడు. పాడినవాళ్లకి డబ్బు చేరాలి, కాదనను. కానీ మాట అందనివాడు కొని ఏం చేసుకుంటాడు?

బొంకులదిబ్బ: ఆ మాట మూడేళ్ల క్రితమే రాసుంటే మా ఇంట్లో ఒక ఏడుపు తగ్గేది. డ్యాక్ కొనొద్దనలేదు. దాంట్లో పెట్టుకోవడానికి ఏదో ఒకటి ఎవరో ఒకరు పాడాలి కదా అంటున్నాను.

గంటస్తంభం: మాస్టారూ, నాకొకటి పంపండి, 250 వేస్తాను. ఆంప్లిఫయరు ఇప్పట్లో కొనట్లేదు. మిగతా డబ్బు సంగతి ఇంట్లో నిర్ణయం అయిపోయిందట.

నాగావళి గట్టు: నాకూ ఒకటి. పోస్టల్ ఖర్చు వేరేగా చెప్పండి. పంపే ముందు ఒక్క మాట, కుదించని వేవ్ ఫైలు నుంచే కొట్టించారా, ఎంపీత్రీయా?

బొంకులదిబ్బ: వేవే. గ్రాఫు చూసుకోండి. చూశాక పాట కూడా వినండి.