చావుకు డప్పు ఉండాలా, వద్దా?

కొబ్బరాకు:
పోయిన వారం మా తాతగారు 91 ఏళ్ళ వయసులో పోయారు. బెంగళూరు నుంచి ఊరు చేరేసరికి వీధి మొదట్లోనే డప్పులు, టపాసులు. పాడె ముందు కుర్రాళ్ళ డాన్సులు. లోపల మామ్మ గోడకి ఆనుకుని కూర్చుంది, టపాసు పేలినప్పుడల్లా ఉలిక్కిపడుతోంది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. మా వెనక వీధిలో ముస్లింల ఇంట్లో ఎవరైనా పోతే తెల్లటి కఫన్ చుట్టి, జనాజాను భుజాలు మార్చుకుంటూ మోసుకెళ్తారు. ఏ వాయిద్యమూ ఉండదు. చూస్తున్న మనకే గొంతు పట్టేస్తుంది. మనం మాత్రం చావును ఊరేగింపు చేసేశాం. డప్పులు పూర్తిగా ఆపేయాలని నా గట్టి అభిప్రాయం. కాదనేవాళ్ళు కారణం చెప్పండి.

తంగేడు పువ్వు:
తాతగారి సంగతి విని బాధైంది తమ్ముడూ. కానీ నీ మాట ఒప్పుకోలేను. మాది సిద్దిపేట వైపు. మా దగ్గర డప్పే కబురు. చావుకు కొట్టే దరువు వేరు, పెళ్ళికి వేరు, బోనాలకు వేరు. పొలంలో ఉన్నవాళ్ళు అది విని ఎవరో పోయారని పని ఆపి వచ్చేవాళ్ళు. దింపుడు కళ్ళెం దగ్గర పాడె దించి, చెవిలో మూడుసార్లు పిలుస్తారు కదా, మా ఊళ్ళో ఆ కాసేపు డప్పు ఆపుతారు. దారంతా మోగింది కాబట్టే ఆ నిశ్శబ్దం గుండెకు తగులుతుంది. ఇంకో మాట. మునిమనవళ్ళను ఎత్తుకున్న మనిషి పోతేనే ఎగురుతారు. పాతికేళ్ళ పిల్లగాడు పోతే మా దగ్గర ఒక్కరూ కాలు కదపరు.

మిసిసిపీ గట్టు:
ఎనిమిదేళ్ళుగా న్యూ ఆర్లీన్స్‌లో ఉంటున్నా. ఇక్కడ నల్లజాతివాళ్ళ అంత్యక్రియల్లో బ్రాస్ బ్యాండ్ ముందు నడుస్తుంది. శ్మశానానికి వెళ్ళేటప్పుడు మెల్లగా భక్తిగీతాలు వాయిస్తారు. పూడ్చి వెనక్కి తిరిగాక పాట వేగం అందుకుంటుంది. గొడుగులు తిప్పుతూ, చేతిరుమాళ్ళు ఊపుతూ జనమంతా ఆడతారు. బ్యాండు వెనక నడిచే ఆ జనాన్ని 'సెకండ్ లైన్' అంటారు. మొదటిసారి చూసి నేనూ కొబ్బరాకు గారిలాగే ఇబ్బంది పడ్డా. దీని వెనక వాళ్ళ పరస్పర సహాయ సంఘాలు ఉన్నాయని తర్వాత తెలిసింది. బీమా కంపెనీలు నల్లవాళ్ళను దూరం పెట్టిన రోజుల్లో సభ్యులు తలా కొంత చందా కట్టుకునేవారు. ఎవరైనా పోతే ఖననం ఖర్చు, బ్యాండు ఖర్చు అందులోంచే. బతికున్నప్పుడు దక్కని మర్యాద చివరి రోజున తోటివాళ్ళే ఇచ్చుకున్నారు.

మెక్సికోలోనూ అంతే. నవంబరు 1, 2 తేదీల్లో పోయినవాళ్ళు దారి తప్పకుండా ఇంటికి రావాలని బంతిపూల రేకులు పరుస్తారు. మనం పండక్కి గుమ్మానికి కట్టే బంతి పుట్టింది కూడా ఆ నేలమీదే.

చిర్ర:
అందరూ డప్పు గురించి చెప్పారు. కొట్టేవాడి గురించి నన్ను చెప్పనివ్వండి. మాది మాదిగపల్లె. మా నాన్న చావుడప్పు కొట్టేవాడు. రాత్రి రెండింటికి కబురొచ్చినా లేవాల్సిందే, జ్వరమన్నా వినరు. గడ్డిమంట వేసి తోలు కాచి, తెల్లారేదాకా కొట్టేవాడు. కూలి బేరం లేదు, ఇచ్చింది పుచ్చుకోవాలి. ఒకసారి రానన్నందుకు మా పల్లెవాళ్ళెవరినీ నెల రోజులు పనికి పిలవలేదు. నాకు పన్నెండేళ్ళప్పుడు నాన్న డప్పు కొట్టే పుల్లలు, చిర్ర, చిటికెనపుల్ల, నా చేతిలో పెట్టబోతే అమ్మ లాక్కుని పొయ్యిలో పెట్టింది. ఇవాళ నేను టీచర్‌ని.

మిసిసిపీ అన్నా, వాళ్ళ బ్యాండు వాళ్ళ మనిషి కోసం మోగింది. మా నాన్న డప్పు ఊరివాళ్ళ చావులకు వెట్టిగా మోగింది. రెండింటినీ ఒకటి చేయకండి.

అలాగని డప్పు వద్దని నేను అనను. నాన్న పోయినప్పుడు నాలుగూళ్ళ నుంచి ఆయన జతగాళ్ళు వచ్చారు. ఎవరూ పిలవలేదు. రూపాయి తీసుకోలేదు. రాత్రంతా కొట్టారు. అప్పటిదాకా బిగబట్టుకున్న నేను ఆ దరువుకే బావురుమన్నాను. ఇప్పుడు ఆంధ్రాలో డప్పు కళాకారులకు నెలకు 4,000 పింఛను ఇస్తున్నారు, మంచిదే. కాగితం మీద కళాకారుడే. చావింట్లో విస్తరి మాత్రం ఇంకా విడిగానే వేస్తున్నారు.

సాయంకాలం:
మేం క్రైస్తవులం. అమ్మ పోయిన రాత్రి సంఘంవాళ్ళు వచ్చి తెల్లారేదాకా కీర్తనలు పాడారు. ఇల్లు నిశ్శబ్దంగా ఉండుంటే నేను తట్టుకోలేకపోయేదాన్ని. కాబట్టి పాట ఉండాలనే అంటాను. డీజే పెట్టడం మాత్రం ఘోరం.

కొబ్బరాకు:
టపాసుల మీద, డాన్సుల మీద నా మాట మారలేదు. మామ్మ ముఖం ఇంకా కళ్ళముందే ఉంది. కానీ చిర్ర గారూ, డప్పు ఆపేయమన్నానే గానీ కొట్టినవాళ్ళు ఎవరో, ఎక్కడినుంచి వచ్చారో కూడా నేను చూడలేదు. రాత్రి బాబాయికి ఫోన్ చేసి, వాళ్ళకు భోజనం ఎక్కడ పెట్టారని అడిగాను. "ఎప్పటిలాగే గొడ్లచావిడి దగ్గర" అన్నాడు. ఎంతిచ్చారంటే మాట దాటేశాడు. ఆదివారం పెద్దకర్మ. డప్పు కొట్టిన ఆ ఆరుగురినీ పిలిచి, అందరితో పాటు బంతిలో కూర్చోబెట్టాలని చెప్పాను. బాబాయి ఇంకా సరే అనలేదు. రేపు పొద్దున బస్సుకి వెళ్తున్నాను, మామ్మ చేత చెప్పిస్తాను.