బ్రాడ్‌సైడ్ అంటే ఇక్కడ ఓడ పక్క కాదండీ

నిన్న ఇక్కడ ఒకరు ‘బ్రాడ్‌సైడ్ బ్యాలడ్’ అన్న ఇంగ్లిషు మాటని తెలుగు చేస్తూ ‘ఓడపాట’ అన్నారు. నవ్వొచ్చింది గానీ తప్పు పూర్తిగా ఆయనది కాదు, నిఘంటువు తెరవగానే కనిపించేది ఓడ పక్కభాగమూ, అక్కడి ఫిరంగులన్నీ ఒక్కసారిగా పేలడమూను. అచ్చు పనివాళ్ల మాటలో బ్రాడ్‌సైడ్ అంటే ఒకవైపే అచ్చేసిన కాగితం, అంతే. ఇంగ్లండులో 16, 17 శతాబ్దాల్లో బ్యాలడ్లని, అంటే పాటల్ని, అలా అచ్చేసి, వీధుల్లో పాడుతూ, పెన్నీకో అరపెన్నీకో అమ్మేవాళ్లు. కొన్నవాళ్లలో చాలామంది ఇంటి గోడకో సారాకొట్టు గోడకో అంటించేవాళ్లు. గోడకి అంటించేదానికి వెనక అచ్చెందుకు చెప్పండి? 17వ శతాబ్దంలో లండన్‌లో ఉంటూ డైరీ రాసిన శామ్యూల్ పీప్స్ దొర సేకరించినవి 1,800 పైనే కేంబ్రిడ్జ్‌లో, ఆయన చదివిన కాలేజీలో, ఇప్పటికీ ఉన్నాయి.

ఇంకొకరు ‘సచిత్ర గీతం’ అన్నారు. వినడానికి బావుంది, కానీ నాకు ఒప్పుదల లేదు. ఆ కాగితాల మీది బొమ్మ చాలాసార్లు ఆ పాట కోసం చెక్కింది కాదు. చెక్క దిమ్మ చెక్కించడం ఖర్చు కాబట్టి ఉన్నదాన్నే అరిగి పగుళ్లొచ్చేదాకా వాడేవాళ్లు, ఒక పాటలో ప్రియుడిగా నిలబడ్డ టోపీ మనిషే ఇంకో పాటలో ఇంకెవరో అయిపోతాడు. ‘సచిత్ర’ అన్న మాట అతికేది 18వ శతాబ్దపు రాగిరేకు అచ్చులకి. జార్జ్ బికమ్ 1737 నుంచి తెచ్చిన ‘మ్యూజికల్ ఎంటర్‌టైనర్’ చూడండి, పైన ఆ పాటకని గీసిన బొమ్మ, కింద స్వరాలు, చరణాలు, అన్నీ రేకు మీద చేత్తో చెక్కినవే. చూడముచ్చటగా ఉంటాయి, కాకపోతే అవి డబ్బున్నవాళ్ల సరుకు.

> మరి గోడ కాగితాల్లో స్వరాలుండేవా? వాటి మీద ఉండే ‘టు ద ట్యూన్ ఆఫ్’ని నేను ‘ఫలానా రాగంలో’ అని రాశాను.

చాలావాటిలో ఉండేవి కావండీ, అందుకే ఆ ముక్క. రాగం అనకండి, మనవాళ్ల మాట ‘వరుస’ ఉండగా అదెందుకు? అందరికీ నోటికొచ్చిన ఒక పాట పేరు పైన వేసి, దీన్నీ ఆ వరుసలోనే పాడుకోమనడం. భజన పాటలకి మనం చేసేదీ అదే. ‘ఫార్చ్యూన్ మై ఫో’ వరుసని ఉరిశిక్ష పడ్డవాళ్ల పాటలకి ఎంతగా వాడారంటే, ఆ పేరు చూస్తేనే లోపల ఎవరి మెడకో తాడు పడిందని కొనేవాడికి తెలిసిపోయేది.

> సరే, చివరికి ఏం రాయమంటారు?

నా ఓటు ‘పాటకాగితం’కి. కరపత్రం అంటే మనకి ఎన్నికలు గుర్తొస్తాయి, ‘ఏకపార్శ్వ ముద్రిత గీతం’ అంటే పాఠకుడు పేజీ తిప్పేస్తాడు. ‘ఓడపాట’ మాత్రం పడవవాళ్ల హైలెస్సాకి వదిలేద్దాం.