అప్‌డేట్: బకెట్‌లో ఎరచేపలు చచ్చిపోతున్న సమస్య తీరింది

గాలానికి ఎరగా కొన్న చిరుచేపలు గంట తిరక్కుండానే బకెట్‌లో చచ్చి తేలిపోతున్నాయి, అసలివి ఫ్యాట్‌హెడ్ మిన్నోలేనా (ఎరగా వాడే ఒక రకం చిన్న చేప) అని ఇంతకుముందు అడిగింది నేనే. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

అవి ఫ్యాట్‌హెడ్‌లు కావు, గోల్డెన్ షైనర్లు అనే మరో రకం ఎరచేపలు. ఒకరు చెప్పినట్టే తడిచేత్తో ఒకదాన్ని పట్టుకుని పక్క నుంచి చూశాను. ఒంటి పక్కన మొప్ప దగ్గర మొదలైన గీత తిన్నగా పోకుండా పొట్టవైపు బాగా వంగి, మళ్లీ తోకకేసి లేచింది. పొట్ట అడుగున వెనకవైపు పొలుసుల్లేని పదునైన అంచు వేలికి తగిలింది. ఫ్యాట్‌హెడ్‌కు ఇవేవీ ఉండవు, మూతి కూడా మొద్దుగా ఉంటుంది.

అసలు తేడా ఇక్కడే వచ్చింది. ఫ్యాట్‌హెడ్ తక్కువ ఆక్సిజన్‌తోనూ నెట్టుకొస్తుంది. షైనర్ మహా సుకుమారం. నేనేమో నాలుగు డజన్లు ఒకే బకెట్‌లో కుక్కాను, అదీ కొళాయి నీళ్లలో! ముందు ఎయిర్ పంప్ ఒక్కటే పెట్టి చూస్తే మళ్లీ చచ్చాయి. రెండోసారి క్లోరిన్ పోగొట్టే మందు కలిపి, డజనున్నరే వేసి, చేపలున్న ప్లాస్టిక్ కవర్‌ని ఇరవై నిమిషాలు బకెట్ నీళ్లలో తేలనిచ్చాక వాటిని వదిలాను. ఐదు గంటల్లో పోయినవి రెండే.

గాలం సైజుకీ చేపలు చావడానికీ సంబంధం లేదు, అనవసరంగా మూడు రకాలు కొన్నాను. బెండు కింద వేలాడదీసేటప్పుడు మాత్రం వీపు రెక్క వెనక, వెన్నెముకకు తగలకుండా పైపైన గుచ్చుతున్నాను. చేప చాలాసేపు ఈదుతోంది. ఎరను నీళ్లలో లాగుతూ పట్టాలంటే దాని పెదవులకు గుచ్చడమే మేలు.

మిగిలినవి చెరువులో వదలొద్దన్న సలహా కూడా పాటించాను.